రెండు చిటికెల మేత

పొద్దున్నే ఆరింటికి రోజమ్మ చేపలతొట్టె మూత ఎత్తి, చిటికెడు మేత వేసి, చేపలతో నాలుగు మాటలు చెప్పుకుని, షాలిమార్ రైల్వే యార్డు ఆఫీసులో ఫైళ్లు మోయడానికి వెళ్లేది. ఏడున్నరకి ఆడపడుచు దయమ్మ లేచి అదే పని చేసేది. ఒకే రైల్వే క్వార్టరు, ఒకే పొయ్యి. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. సత్యానందం శవపేటిక పక్కన నిలబడి, "సుగరు మనిషికి సాటుగా రసగుల్లాలు పెట్టి నా మొగుణ్ణి మింగేసినావు" అంది రోజమ్మ దయమ్మతో, చర్చి అంతా వింటుండగా. తమ్ముడి పెళ్లాంతో దయమ్మ మళ్లీ నోరు విప్పలేదు. చేపలతో విప్పింది. అవి ఎదురు చెప్పవు. ఆ సుఖం ఆడదానికి ఇంకెవరిస్తారు?

తొట్టె సత్యానందం కొన్నదే. ఈ మధ్య అందులోని మొక్కలకి నాచు పట్టింది, గప్పీ చేపలు ఒక్కొక్కటే చచ్చి తేలుతున్నాయి. చేపల సంతలో నీటిమొక్కలమ్మే సూరన్న వచ్చి, గాజుగొట్టంలో తొట్టెనీళ్లు పోసి మందుచుక్కలు వేశాడు. పసుపుగా ఉండాల్సిన నీళ్లు ఎర్రబడ్డాయి.

"నైట్రేటు, అక్కా. తినగా మిగిలిన మేత అడుగున కుళ్లితే ఇలాగే అవుద్ది. నీళ్లు తేటగానే ఉంటాయి, అదే మోసం. రోజుకెంత ఏస్తన్నారేటి?"

"చిటికెడు," అంది రోజమ్మ.

"చిటికెడే," అంది దయమ్మ, గోడకేసి చూస్తూ.

ఇద్దరూ నిజమే చెప్పారు. సూరన్న గొట్టంతో అడుగు మడ్డి లాగేసి, వారానికోసారి పావువంతు నీళ్లు మార్చమన్నాడు. మనీప్లాంటు కొమ్మ ఒకటి అంచున కట్టి వేర్లు నీళ్లలోకి వదిలాడు. "ఇది ఆ విషం తాగి బతుకుద్ది."

తాగింది. నెల తిరక్కుండా కిటికీ ఊచలు దాటింది. తొట్టె దగ్గర పడ్డ మాటలు కూడా తాగింది. పండుటాకు తుంచి చెవి దగ్గర పెట్టుకుంటే అవి వినిపించేవి. పక్క క్వార్టరు రామమ్మ ఒకటి విని, "దయమ్మక్క పులుసులో మెంతులేస్తాదట" అని తనూ వేయడం మొదలెట్టింది. రోజమ్మా దయమ్మా మాత్రం పండుటాకు ముట్టుకోలేదు. పంతం ఆకుల దాకా పోయింది.

ఏటికవతల బడ్జ్ బడ్జ్ ఊరి దగ్గర చర్చివారి వృద్ధుల ఆశ్రమంలో దయమ్మ చోటు అడిగి పెట్టుకుంది. సోమవారం ఆశ్రమం బండి రావాలి. సోమవారం బంద్. ఎర్రజెండాలు తప్ప వీధిలో ఏదీ కదల్లేదు. బండి రేపొస్తుందని కబురొచ్చింది. రోజమ్మ పట్టాల వెంట నడిచి డ్యూటీకి పోయింది. కట్టిన సంచి పక్కన కూర్చున్న దయమ్మకి చేతులు ఊరుకోక తీగ సర్దబోయింది. పండుటాకు ఒకటి రాలి భుజం మీద పడింది, చెవికి దగ్గరగా.

"మీతో సెప్పకేం," అంది ఆకు, రోజమ్మ గొంతుతో. "రోజూ గిన్నెడు పాయసం నానూ పెట్టీదాన్ని. ఆయన అడిగితే కాదనలేకపోయీదాన్ని. శవం కాడ అది దాచేసి వదిన మీదకి తోసేసినాను. ఇప్పుడు వదినెల్లిపోతే, నానొచ్చేదాకా నా కూడు మూసి పెట్టీదెవరు?"

దయమ్మ ఆ ఆకుని అరచేతిలోకి తీసుకుంది. తమ్ముడు రెండు చేతుల తీపి తిన్నాడు. తన చెయ్యొక్కటే అనుకుని ఆవిడ ఆ నేరాన్ని తొమ్మిదేళ్లు మోసింది. తర్వాత మేతడబ్బా వైపు చూసింది.

మంగళవారం ఆరింటికి రోజమ్మ చిటికెడు మేత తీసి తొట్టె మీదకి చెయ్యి చాపింది. దండెం మీద దయమ్మ చీరలు మళ్లీ వేలాడుతున్నాయి. చాప మీంచి గొంతు వినబడింది.

"ఒసే రోజీ, నాను పెట్టేసినాను. నువ్వు పెట్టకు."

రోజమ్మ చిటికెలోని మేత తిరిగి డబ్బాలో వేసి, మూత బిగించింది.