ఊడ్చిన తోట

ఊళ్లో రొయ్యల చెరువులు తవ్వే రోజుల్లో, తాతారావు కూడా తన కొబ్బరితోట కొట్టించేద్దామనుకున్నాడు. భార్య సూర్యావతి ఒప్పుకోలేదు. అత్తగారు కడవలతో నీళ్లు మోసి పెంచిన చెట్లవి. సూర్యావతి వెళ్లి ఉద్యానశాఖ ఆఫీసరు ఇస్సాకుగారితో చెప్పుకుంది. ఆయన ప్రభుత్వం తరఫున చాక్లెట్లు చేసే కోకో మొక్కలూ ఎరువూ ఉచితంగా ఇప్పించి, “వీటికి కొబ్బరి నీడే కావాలండీ” అన్నారు.

“మూడో ఏడు కాయ పట్టకపోతే కొబ్బరిచెట్లు కొట్టించేస్తాను” అన్నాడు తాతారావు.

మూడో ఏడు రానే వచ్చింది. కోకో మాను పొడవునా పూలు పూశాయి, పూసినట్టే రాలిపోయాయి. చెట్లు కొనే కొండయ్యకు తాతారావు కబురు పెట్టాడు. ఆషాఢంలో వస్తానన్నాడు కొండయ్య.

సూర్యావతి ఇస్సాకుగారిని పిలిపించి తోట చూపించింది.

“చూడండి, రాలిన ఆకు మర్నాటికి ఉండనివ్వనండీ. లక్ష్మీదేవి తిరిగే చోటు కదా అని పూజగదిలా ఊడుస్తాను.”

ఆయన నేల చూసి నవ్వేశారు. “అక్కడే వచ్చిందండీ అమ్మగారూ. ఈ పూలకి పుప్పొడి అంటించి కాయ కట్టించడానికి తేనెటీగ పనికిరాదు. ఆవగింజంత దోమ ఒకటుంటాది, అది కుళ్లిన ఆకులోనే పుడతాది. దాని పురిటిగది మీరే ఊడ్చేసేరు.”

“మా ఆవిడ భక్తి అలాంటిదండీ” అన్నాడు తాతారావు.

“ఊడ్చిందంతా పోగేసి తగలేసింది ఎవరో?” అంది ఆవిడ.

ఆ సాయంత్రం దీపం పెట్టి, “శుభ్రంగా ఉంటేనే వస్తావన్నారు కదా తల్లీ, మరి చెత్తలో కూడా నీ పని ఉందా?” అని అడిగింది. మర్నాటి నుంచి సూర్యావతి ఊళ్లో రాలిన ఆకులన్నీ గంపలతో తెచ్చి కోకో మొదళ్లలో పరిచి, నీళ్లు చల్లడం మొదలుపెట్టింది.

“ఏం వదినగారూ, ఇంట్లో చెత్త చాల్లేదా?” అని నవ్వింది పక్కింటి భవానీదేవి.

“ఆయ్, చాల్లేదండీ. మీదీ ఇవ్వండి.”

వానలు పడ్డాయి. అన్న మాట ప్రకారం కొండయ్య ఇద్దరు మనుషుల్నీ గొడ్డళ్లనీ వెంటబెట్టుకుని వచ్చాడు. చెట్లకు గుర్తులు పెడదామని తాతారావు ముందు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. కోకో మానుకి పచ్చిమిరపకాయంత పిందెలు అంటుకుని ఉన్నాయి. పక్క చెట్టుకీ ఉన్నాయి. దాని పక్కదానికీ.

“ఏ మూల నుంచి కొట్టమంటారండీ?” అన్నాడు కొండయ్య.

“ముందా గొడ్డలి దించవయ్యా, పిందెలకి తగుల్తాది. నీడ కొట్టేస్తే కోకో బతుకుతాదా? ఆమాత్రం తెలీదూ?”

“మీరే కదండీ రమ్మన్నారు!”

“రమ్మన్నాను. చూసేవుగా. ఇంక మజ్జిగ తాగి వెళ్లు.”