రెండు చీటీల కింది వంతెన

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, నాయనమ్మ, అమ్మ తమ్ముడైన మా మామయ్య, తనిఖీ అధికారి గారు, నేను. ఇంకా తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకాలు అరవై మూడు. అధికారి గారు కుర్చీలో కూర్చున్నారు. పుస్తకాలు మంచం మీద కూర్చున్నాయి. మిగిలిన మేమంతా నిలబడ్డాం.

నాన్న బడిలో చరిత్ర చెబుతారు. ఆ పుస్తకం నలభై ఒకటో పేజీలో, మా ఊరి ఏటి మీది వంతెన గురించి రెండు వాక్యాలు ఉండేవి. రెండేళ్ళ కిందట పైనుంచి ఒక చీటీల కట్ట వచ్చింది. ఆ వాక్యాల మీద అంటించమన్నారు. “వంతెన తన సేవాకాలం ముగించుకుని విశ్రాంతి తీసుకుంది” అని చీటీ మీద ఉంది. నిరుడు రెండో కట్ట వచ్చింది. “ఆ ఏటి మీద ఎన్నడూ వంతెన లేదు. ప్రజలకు పడవంటేనే ఇష్టం” అని దాని మీద ఉంది. పడవ ప్రయాణం వల్ల కలిగే ఐదు లాభాలు రాయమని పరీక్షలో కూడా అడిగారు. నేను నాలుగే రాశాను. ఐదోది ఎంత ఆలోచించినా దొరకలేదు.

అంటించే పని మా ఇంట్లోనే జరిగింది. జిగురు అమ్మది. మైదాపిండిని ఉండకట్టకుండా కలిపి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తుంది. మిగతా బళ్ళవాళ్ళు పిండిని చన్నీళ్ళలో కలిపి పూసేశారు. ఎండలు ముదిరేసరికి వాళ్ళ చీటీలు రాలిపోయి పాత వాక్యాలు బయటపడ్డాయి. ఆ బళ్ళ పుస్తకాలన్నిటినీ లారీలకెక్కించి తీసుకుపోయి తగలబెట్టారు. మా బడికి మాత్రం ప్రశంసాపత్రం వచ్చింది. నాన్న పేరున వచ్చినా అమ్మ దాన్ని వంటింట్లోనే మేకుకు తగిలించింది.

ఇప్పుడు మూడో ఉత్తర్వు వచ్చింది. వచ్చే వారం కొత్త పెద్దాయన వంతెనకు శంకుస్థాపన చేస్తారట. కొత్తది కట్టాలంటే పాతది ఒకటి ఉండి, కూలి ఉండాలి కదా. అందుకని పాత పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి పెట్టాలి. పుస్తకాలు మిగిలింది మా బడిలోనే. సాయంత్రం ఐదింటికల్లా ఆ పాఠం ఇవ్వకపోతే, చరిత్రను పాడుచేసిన నేరానికి నాన్న ఉద్యోగం పోతుంది.

“ఊడదీయండి మాస్టారూ, ఎంతసేపు?” అన్నారు అధికారి గారు.

నాన్న పేజీకి ఆవిరి పట్టించి చాకుమొనతో చీటీ అంచు లేపారు. చీటీ ఊడింది. దాంతో పాటు కింది కాగితమూ ఊడింది. వంతెన ఉండాల్సిన చోట కన్నం పడి, అందులోంచి నలభై మూడో పేజీలోని పంటపొలం కనిపించింది. అప్పటికి పదకొండు పుస్తకాలు అలాగే అయ్యాయి.

“అక్కా, నువ్వు అంటించావంటే ఇక దేవుడొచ్చినా ఊడదీయలేడే,” అన్నాడు మామయ్య.

“నోర్మూసుకోరా,” అంది అమ్మ. కానీ ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం కొంచెం వెలిగింది.

గోడకు చేరగిలబడి ఉన్న నాయనమ్మ ముందుకు వచ్చింది. “వంతెన సంగతేగా బాబూ? నన్నడుగు. ఆ పొద్దు నేను ఒడ్డునే ఉన్నాను. మా ఆయన సైకిలు మీద వస్తూ చెయ్యూపాడు. నేనూ ఊపుదామని చేతిలో బట్టల మూట కింద పెట్టాను. తలెత్తేసరికి వంతెన లేదు, ఆయన లేడు.”

అధికారి గారు కలానికి మూత పెట్టేశారు. “పెద్దమ్మా, అది జరిగింది. నాకు కావలసింది అచ్చయింది.”

“జరగంది ఎలా అచ్చేస్తారయ్యా?”

“వేస్తామమ్మా. మా శాఖకి అదేగా పని.”

“బావా, పదేళ్ళు చెప్పిన పాఠం. రెండు ముక్కలు గుర్తులేవా?” అన్నాడు మామయ్య.

“గుర్తుంటే మాత్రం నోటిమాట చెల్లదు,” అన్నారు అధికారి గారు. “పాత పుస్తకం చూసి రాసుకున్న కాగితం ఉండాలి.”

“అలాంటి కాగితం దాచుకోవడం నేరమని నిరుడు మీరేగా చెప్పారు?” అన్నారు నాన్న.

“నేరమే. ఆ ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. కాగితం ఎవరిస్తే వాళ్ళకి ధన్యవాదాలు చెప్పి, మరపు శిక్షణకి పంపిస్తాం. మూణ్ణెల్లే. జీపు బయటే ఉంది.”

మా డ్రాయింగ్ మాస్టారు ఆ శిక్షణకు వెళ్ళొచ్చారు. ఇప్పటికీ ఆయన్ని ఏరు గీయమంటే రోడ్డు గీస్తారు.

నేను లోపలి గది గుమ్మంలో ఉన్నాను. నా డైరీ నా పరుపు కింద ఉంది. మొదటి చీటీ అంటించిన నాటి పొద్దున్నే ఆ రెండు వాక్యాలను అందులో రాసుకున్నాను. దేశం కోసమేమీ కాదు. మా తాతయ్య అచ్చులో ఉన్నది ఆ ఒక్క చోటే, అదీ ఒక అంకెలో కలిసిపోయి. ఆయన మీద జిగురు పూయబోతున్నామని తెలిసి రాసుకున్నాను.

బడిలో హాజరు పలకడానికే నాకు నోరు పెగలదు. మామయ్య నన్ను మౌనమ్మ అంటాడు. కానీ మాట ఆపేసి మళ్ళీ గోడ దగ్గరికి వెళ్తున్న నాయనమ్మను చూస్తుంటే నా నోటివెంట వచ్చేసింది.

“ఆ ఏడాది వంతెన కూలి నూట పద్నాలుగు మంది మరణించారు. సిమెంటులో బూడిద కలుపుతున్నారని కూలీలు ముందే మొరపెట్టుకున్నా అధికారులు వినలేదు.”

“అరె, మౌనమ్మ మాట్లాడింది!” అన్నాడు మామయ్య. అమ్మ అతని డొక్కలో పొడిచింది.

అధికారి గారు కలం మూత తీశారు. “మొదటి వాక్యం బాగుంది. రెండోది అచ్చుతప్పు అయ్యుంటుంది. ఎక్కడ చదివావమ్మా?”

నేను నోరు తెరిచాను.

“నా నోట్సులో,” అన్నారు నాన్న. “నేను పైకి చదువుతుంటే వింటూ ఉంటుంది. ఉండండి సార్, తెస్తాను.”

నాన్న ఏ నోట్సూ రాసుకోరని ఇంట్లో అందరికీ తెలుసు. పాఠమంతా ఆయనకు నోటికే వచ్చు. ఆయన నా భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, చెయ్యి చాచారు. డైరీ ఇచ్చాను. ఆయన మిగతా పేజీలు తిప్పలేదు. నేను చూపించిన చోటే చదివారు. ఒక తెల్లకాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని తన గుండ్రటి అక్షరాలతో రాసి, కింద రెండేళ్ళ కిందటి తేదీ వేసి, సంతకం పెట్టారు.

“మాస్టారూ, దొరికిందా?” బయటి నుంచి అధికారి గారి గొంతు.

“వస్తున్నా సార్.”

“నాన్నా, నేనే చెప్తాను, నాదేనని,” అన్నాను.

“నీకు ఏం తెలుసని చెప్తావ్? నువ్వేమీ రాసుకోలేదు. నీ దగ్గర డైరీయే లేదు.” తరగతిలో పాఠం చెప్పే గొంతుతోనే అన్నారు. “అడిగితే ఏమంటావు?”

“ఏమీ రాసుకోలేదంటాను.”

“ఊఁ.”

ఆయన గుమ్మం దాకా వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. అవతల అమ్మ జిగురు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నాయనమ్మ నా వైపే చూస్తోంది.

“ఆయన ఒక్క వాక్యమే చాలన్నారుగా,” అన్నాను మెల్లగా. “రెండోది కూడా రాశారా?”

“రెండూ రాశాను,” అని చెప్పి, నాన్న అవతలివైపు నుంచి నా ముఖం మీదే తలుపు వేసేశారు.