ఎమెట్ ఎత్తుకు లేచిన సీటు

ఒక్కటి అడుగుతాను, తప్పించుకోకుండా చెప్పండి. ఆటగాడి ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, అరచెయ్యి ఎంత వెడల్పో టేపు పెట్టి చూస్తారు, ఎంత వేగంగా పరుగెత్తుతాడో గడియారం పట్టుకుని లెక్కకడతారు. వాడికి ఎక్కడ నొప్పిగా ఉందో అడిగినవాళ్ళు మీలో ఒక్కరైనా ఉన్నారా?

అమెరికాలో, తమ ఫుట్‌బాల్ జట్టే ప్రాణంగా బతికే గ్రీన్ బే అనే ఊళ్ళో కొరీన్ డెల్వో కూడా అడగలేదు.

ఏప్రిల్ వచ్చిందంటే కొరీన్ రోజూ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ గ్యారేజీలోకి వెళ్ళేది. మూలన స్టాండు వేసి ఆమె చిన్నప్పటి సైకిలు ఉంటుంది. ఊదారంగుది, హ్యాండిలుకి వెలిసిపోయిన రిబ్బన్లు. దాని ముందు గొంతుక్కూర్చుని ముందు సీటు చూసేది, తర్వాత టైర్లు, తర్వాత హ్యాండిలు పిడులు. చూసి బయటికొచ్చేసరికి పక్కింటివాళ్ళో, కాగితం మిల్లుకు బయల్దేరిన కొరీన్ నాన్న రోలాండో, ఎవరో ఒకరు అడగనే అడిగేవారు, ఈరోజు వాన పడుతుందా అన్నట్టు: "సైకిలు ఏమంటోంది?"

ఆ ఊళ్ళో జూలై నెలలో జట్టు ఆటగాళ్ళు స్టేడియం నుంచి సాధన మైదానానికి పిల్లల సైకిళ్ళ మీదే వెళ్తారు. పిల్లలు కంచె పక్కన సైకిళ్ళు పట్టుకుని బారులు తీరతారు. కొండంత మనిషి వచ్చి, నచ్చినదాన్ని తీసుకుని, మోకాళ్ళు చెవులకు తగిలేలా తొక్కుకుంటూ పోతాడు. సైకిలిచ్చిన పిల్ల అతని హెల్మెట్ మోస్తూ పక్కన పరుగెడుతుంది. కొరీన్ చిన్నప్పుడు ఆమె సైకిలును అలాగే జట్టులో కొత్తగా చేరినవాడు తొక్కాడు. ఆ మరుసటేడు నుంచి సైకిలుకు ఆ గుణం పట్టుకుంది. రాబోయే జూలైలో తనను తొక్కబోయే కొత్తవాడు ఎవరో, వాడి కొలతకు ఏప్రిల్లోనే మారిపోయేది. సీటు లేచేది, లేదా దిగేది. ఎవరూ ఎక్కకుండానే టైర్లు వాడి బరువుకు అణిగేవి. పిడుల మీద వాడి వేళ్ళ గుంటలు పడేవి.

జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకునేది ఏప్రిల్ నెలాఖరులోనే. ఆ మూడు రోజుల కోసం టీవీలో కోట్లు తొడుక్కున్నవాళ్ళు నెలంతా వాదించుకుంటారు. కొరీన్ వాళ్ళ మాటలు వినేది, విని నవ్వుకునేది. పోయినేడు అందరూ జట్టుకి బంతి విసిరేవాడు కావాలన్నారు. కొరీన్ మాత్రం వెనక్కి పరుగెత్తుతూ కాపలా కాసేవాడు వస్తాడంది. ఎందుకంటే పెడళ్ళు వాటంతటవే వెనక్కి తిరుగుతున్నాయి. వాడే వచ్చాడు. సైకిలు చదవడంలో ఆమెను మించినవాళ్ళు లేరని ఊరంతా ఒప్పుకుంది. ఆమె కూడా ఒప్పుకుంది. తప్పంతా అక్కడే మొదలైంది.

ఈ ఏడు సీటు ఎన్నడూ లేనంత పైకి లేచింది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళను అడ్డుకునే భారీ మనిషి, సందేహం లేదు. ఆ తర్వాత ఎడమ పిడి మీద చిటికెన వేలి గుంట వంకరగా పడింది. కొరీన్ చేతిలోని కాఫీ ఒలికిపోయింది. చిన్నప్పుడు ట్రక్కు తలుపులో పడి వంకరపోయిన అలాంటి వేలు ఆమె ఎరిగినంతలో ఒక్కడికే ఉంది. ఆమె తమ్ముడు ఎమెట్‌కి.

ఎమెట్ చదివింది చిన్న కాలేజీ. పెద్ద ఆటగాళ్ళందరినీ పిలిచి నిలువెల్లా పరీక్షించే చోటుకు అతనికి పిలుపు రాలేదు. ఎవరో ఒకాయన కాలేజీ మైదానానికే వచ్చి, ఎత్తూ బరువూ రాసుకుని, భుజం తట్టి వెళ్ళాడు. అలాంటివాడు సొంత ఊరి జట్టులోకి! రోలాండ్ ఆ సాయంత్రమే మిల్లంతా చాటేశాడు.

ఒక్క చిక్కుంది. సైకిలు కుడి పెడల్ కిందకు వాలి బిగుసుకుపోయింది. కొరీన్ తిప్పి చూసింది, కదల్లేదు. "ఉప్పు తినేసినట్టుంది," అంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ ఊళ్ళో కార్ల అడుగులనే తినేస్తుంది, సైకిలెంత? రోలాండ్ తలూపి నూనె డబ్బా ఇచ్చాడు. నూనె పోస్తే కాస్త కదిలినట్టుండేది, మర్నాటికి మళ్ళీ బిగుసుకునేది. మళ్ళీ నూనె పోసేది.

ఎంపికల చివరి రోజు శనివారం. పెరట్లో కరిగీ కరగని మంచు కుప్పల మధ్య పెద్ద కాగులో బూయా అనే ఆ ఊరి పులుసు ఉడుకుతోంది. మేనత్త ఆర్లీన్ పొద్దున్నుంచీ తెడ్డంత గరిటెతో కోడిమాంసం, దుంపలు కలియబెడుతూ, మేనల్లుడు టీవీలో కనిపించేదాకా ఎవరికీ గిన్నె ముట్టనివ్వనంటోంది. లోపల టీవీ ముందు చుట్టాలు, మిల్లువాళ్ళు. రోలాండ్ తల మీద జట్టు అభిమానులు పెట్టుకునే జున్నుముక్క ఆకారం టోపీ. సోఫాలో ఎమెట్, కుడికాలు స్టూలు మీద చాపుకుని, చేతిలో ఫోను. ఒక్కో పేరు పిలిచినప్పుడల్లా గదంతా ఊపిరి బిగబట్టి వదులుతోంది. ఎమెట్ మాత్రం బిగబట్టిన ఊపిరి వదలడం లేదు.

జట్టు వంతు దగ్గరపడుతుంటే కొరీన్‌కు కాలు నిలవలేదు. గ్యారేజీలోకి పోయి పెడల్ తోసి చూసింది. రాయి. నూనె డబ్బా ఎత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేసింది.

ఉప్పు ఎక్కడిది? పోయిన జూలైలో కడిగి తుడిచి పెట్టాక ఈ సైకిలు గ్యారేజీ గడప దాటలేదు. రోడ్డెక్కని సైకిలుకు రోడ్డు మీది ఉప్పు ఎలా అంటింది?

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. క్రిస్మస్‌కు ఇంటికొచ్చినప్పటి నుంచీ ఎమెట్ మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా ముందు కుడికాలే, అదీ మడవకుండా వేస్తున్నాడు. బద్ధకం అని నవ్వేవాడు. ఫ్రీజర్లో గడ్డకట్టిన బఠాణీ పొట్లాలు మాయమవుతుంటే, ఎవరో వాపు మీద అద్దుకుంటున్నారని తోచక ఆమె నాన్నను తిట్టింది. పెడల్ వెనక్కి తిరిగితే అది కాళ్ళ సంగతని పోయినేడు ఊరంతటికీ చదివి చెప్పింది తనే. ఈ ఏడు అదే పెడల్ బిగుసుకుంటే తుప్పు అనుకుంది.

తలుపు సందులోంచి తమ్ముణ్ణి పిలిచింది. అతను ఫోను పట్టుకునే వచ్చాడు. "అక్కా, మనవాళ్ళ వంతు వచ్చేస్తోంది."

"ఈ పెడల్ తిప్పు."

ఎమెట్ చూశాడు. చెయ్యి చాపలేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

"నవంబర్." నేల చూస్తూ అన్నాడు. "ఒక్క సీజన్ లాగించేస్తా. తర్వాత ఎటు పోతే అటు పోనీ. నాన్న మిల్లంతా చెప్పుకున్నాడు. అయినా సీటు నా ఎత్తేనని చదివింది ఎవరు? నువ్వు కాదూ?"

"నేనే. సగం చదివి మొత్తం చదివానని చెప్పాను."

ఫోను మోగింది. ఊరి నంబరే, జట్టువాళ్ళది. టీవీ గదిలో మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

అవతల గొంతు అలిసిపోయి ఉంది, మర్యాదగా ఉంది. "ఎమెట్, మా వంతుకు కొద్ది నిమిషాలే ఉన్నాయి. నీ పేరు మా ముందుంది. ఒళ్ళు బాగానే ఉందిగా? మాకు తెలియాల్సిందేమీ లేదుగా?"

ఎమెట్ అక్క వైపు చూశాడు. లాక్కోవడానికి ఫోను చేతికందేంత దూరంలోనే ఉంది. కొరీన్ లాక్కోలేదు. సైకిలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులూ పెడల్ మీద వేసి, ఒంట్లో బలమంతా పెట్టి తోసింది. మొహం ఎర్రబడింది. పెడల్ కదల్లేదు. తలెత్తి, ఫోనులో వినపడనంత మెల్లగా అంది: "జూలైలో కంచె దగ్గర అందరి ముందూ ఇదేరా."

"వింటున్నావా, బాబూ?" అంది ఫోను.

"సర్." అన్నాడు ఎమెట్, పెడల్ చూస్తూ. "కుడి మోకాలు బాగోలేదు. మెట్లు దిగలేకపోతున్నా."

"చెప్పి మంచి పని చేశావు," అన్నాడాయన. "ముందు ఆ మోకాలు ఎవరికైనా చూపించు." ఫోను ఆగిపోయింది.

సీటు చప్పుడు లేకుండా కిందికి జారింది. టైర్లు ఊపిరి పోసుకున్నట్టు పొంగాయి. ఇంకా తోస్తూనే ఉన్న కొరీన్ చేతుల కింద పెడల్ గిర్రున తిరిగింది, ఆమె ముందుకు తూలి వేళ్ళు గీసుకుపోయాయి. టీవీలో ఎవరిదో వేరే పేరు పిలిచారు. రోలాండ్ గుమ్మంలోకి వచ్చాడు, దిగిపోయిన సీటు చూశాడు, కొడుకు కాలు చూశాడు. తల మీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"బూయా ఉడికింది. రండి, తిందురుగాని," అన్నాడు.

మే నెలంతా ఎమెట్ అక్కతో మాట్లాడలేదు. అన్నం బల్ల దగ్గర ఉప్పు డబ్బా కావాలన్నా నాన్ననే అడిగేవాడు. జూన్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు రోలాండ్‌ను పక్కకు పిలిచి, లోపల మృదులాస్థి చిరుగుల గుడ్డలా ఉందని, ఇంకొక్క గట్టి దెబ్బ తగిలుంటే ఆ మోకాలు మళ్ళీ మడత పడేది కాదని చెప్పాడు. గోడవారన నిలబడి కొరీన్ వింది. మత్తు దిగాక ఎమెట్ కళ్ళు తెరిచి, ఆమె వైపు చూడకుండానే అడిగాడు, "సీటు ఇప్పుడు ఎవడి ఎత్తుకు ఉంది?"

"పొట్టివాడు. బంతి పట్టుకుని పారిపోయేవాడిలా ఉన్నాడు."

"నాకన్నా అందగాడై ఉండడులే," అన్నాడు. కొరీన్ ఏడ్చింది, ఏడుస్తూనే అతని తలగడ సర్దింది.

జూలైలో ఇద్దరూ సైకిలు తీసుకుని కంచె దగ్గర నిలబడ్డారు, ఎమెట్ చంకకర్ర మీద. ఆ పొట్టివాడు తిన్నగా వాళ్ళ సైకిలు దగ్గరికే వచ్చాడు. ఎమెట్ వెంటనే ఇవ్వలేదు. వంగి, ఒక పెడల్, తర్వాత ఇంకొకటి చేత్తో తిప్పాడు. రెండూ తిరిగాయి, కాని ఎడమది సన్నగా కిర్రుమంది.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

కొత్తవాడు నవ్వాడు. ఎమెట్ చంకకర్ర చూసి నవ్వు ఆపాడు. చుట్టూ ఒకసారి చూసి, "ఎడమ మడమ. కొంచెం," అన్నాడు.

"జట్టువాళ్ళకు చెప్పావా?"

"ఇవాళ చెప్తాను."

అప్పుడిచ్చాడు సైకిలు.

ఇక మీ వంతు. ఏ ఊరి కంచె దగ్గరైనా సరే, ఏ ఆటైనా సరే, సీటు ఎత్తు తర్వాత చూసుకోండి. ముందు పెడల్ ఒక్కసారి చేత్తో తిప్పి చూడండి. ఎక్కబోయేవాడి కళ్ళలోకి చూసి ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి. జవాబు చెప్పేదాకా సైకిలు వదలకండి.