ఏడవని ఇల్లు

అమ్మను మట్టిలో పెట్టి వచ్చిన రోజు నుంచి నాకు పాలు సరిగా రాలేదు.

పాప నోరు పెట్టి లాగుతుంది, లాగుతుంది, రెండు గుక్కలు కూడా దొరక్క మొహం తిప్పుకుని కీచుమంటుంది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అమ్మే దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. సీసా పెడితే పిచ్చుక నాలుకతో నెట్టేస్తుంది, డబ్బాపాలన్నీ గడ్డం మీదుగా మెడ మడతల్లోకి కారిపోతాయి. ఆసుపత్రిలో నర్సమ్మ తూకం వేసి ముల్లును చూసింది, తర్వాత నన్ను చూసింది. "వచ్చే వారానికీ ఇలాగే ఉంటే బిడ్డను ఇక్కడే ఉంచేసుకుంటాం" అంది. ఆ తర్వాత ఎవరు ఏం మాట్లాడినా నా చెవికెక్కలేదు.

అమ్మా నేనూ ఒకే లాండ్రీలో ఇస్త్రీ చేసేవాళ్ళం. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆమె పక్క బల్ల దగ్గర నిలబడ్డాను. ముందు కాలరు, తర్వాత చేతులు, చివర వీపు అని నేర్పింది అమ్మే. ఆ ఆవిరిలో, ఆ వేడిలో కూడా చర్చిలో పాడే పాటలు సన్నగా తీస్తూ ఉండేది. పోయిన రోజు మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె ఆపేసి, "కాస్త కూర్చుంటాను" అని మాసిన బట్టల మూటల మీద కూర్చుందట. మళ్ళీ లేవలేదు. నేను అక్కడ లేను, పసిబిడ్డతో ఇంట్లో ఉన్నాను.

మా ఆయన గిడ్డంగిలో బస్తాలు మోసే పనికి తెల్లారకుండానే వెళ్ళిపోతాడు. అందుకని పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, మాకు తోడుగా వచ్చి ఉంది. వంటా, బట్టలూ, వచ్చేపోయే వాళ్ళూ అన్నీ ఆమే చూసుకుంది. సంఘం వాళ్ళు పరామర్శకు వస్తే గడపలోనే చెప్పేసేది: "ఏడుపులొద్దమ్మా. మా చెల్లి ప్రభువు దగ్గరుంది. ఆశ లేని వాళ్ళలా మేం ఏడవం." వాళ్ళు తలలూపి, కుర్చీల అంచుల మీద కూర్చుని, ఒక పాట పాడి వెళ్ళిపోయేవాళ్ళు. నాతో మాత్రం వేరుగా చెప్పింది: "విశ్వాసికి ఏడుపు తగదు. అందులో నువ్వు పాలిచ్చే తల్లివి, అసలే తగదు."

నేను ఏడవలేదు. గొంతులోకి వచ్చినప్పుడల్లా బుగ్గ లోపలి కండ కొరుక్కునేదాన్ని. పెద్దమ్మకు భయపడి కాదు. ఏడిస్తే నా నమ్మకం చాలలేదని దేవుడు అనుకుంటాడేమో, పిచ్చుకను కూడా తీసుకుపోతాడేమో అని. అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా తగిలేది. మళ్ళీ కాసేపటికి నమ్మకం కుదిరేది కాదు, మళ్ళీ వేలు పెట్టేదాన్ని.

అలాంటప్పుడు మామయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు. దూరప్రాంతాలకు బస్సు తోలుతాడు. మాట్లాడినా, ప్రసంగంలో గుర్రుపెట్టినా ఒకటే చప్పుడు కాబట్టి అందరూ హారన్ మామయ్య అంటారు. కబురందేసరికి బస్సు నిండా జనంతో ఎక్కడో ఉన్నాడు. వాళ్ళను దారిలో దించేసి రాలేడు కదా. సమాధి చేసే వేళకు అందలేదు. డ్రైవరు చొక్కా కూడా మార్చుకోకుండా నేరుగా మా ఇంటికే వచ్చాడు.

గుమ్మం పక్కన అమ్మ చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని చూసి అక్కడే కూలబడి, "అక్కా!" అని ఒక్కసారి గొల్లుమన్నాడు.

పెద్దమ్మ వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్, నెమ్మది! చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? అక్క పోయింది, తమ్ముడు ఏడుస్తున్నాడు అనుకుంటారు."

"పరలోకంలో ఉన్న మనిషి కోసం ఏడుపేంట్రా? విశ్వాసం అక్కర్లేదా?"

"దాని కోసం ఎవడేడుస్తున్నాడు? అది హాయిగా ఉంది. నా కోసం నేను ఏడుస్తున్నా. తిన్నావారా అని ఇక నన్ను అడిగేదెవరు?"

"ప్రసంగంలో గుర్రుపెట్టేవాడివి, నువ్వా నాకు చెప్పొచ్చేది!"

"గుర్రు మొదలయ్యేలోపు చెవిన పడ్డవి కొన్నున్నాయిలే." మామయ్య చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "ప్రభువు తన స్నేహితుడి సమాధి దగ్గరికి వెళ్ళాడా లేదా? ఇంకాసేపట్లో వీణ్ణి బతికిస్తానని తెలిసి కూడా కన్నీళ్ళు పెట్టుకున్నాడా లేదా? ఆయనకూ విశ్వాసం లేదంటావా పెద్దక్కా? లేపేవాడే ఏడ్చాడే! లేపేదాకా ఎదురుచూడాల్సిన వాళ్ళం, మనం ఏడిస్తే తప్పొచ్చిందా?"

పెద్దమ్మ గరిటెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మీ బావ పోయినప్పుడు అందరూ ఏడవొద్దన్నారు" అంది చివరికి. "నేను ఏడవలేదు. ఇంతవరకూ ఏడవలేదురా."

మామయ్య నా వైపు తిరిగాడు. "నువ్వేంటమ్మా, అలా కొయ్యలా ఉన్నావ్?"

"నాకు భయం మామయ్యా. ఏడిస్తే దేవుడికి కోపమొచ్చి దీన్ని కూడా..." పక్కన నిద్రపోతున్న పిచ్చుక వైపు చూశాను.

ఆయన వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. హారన్ లేని గొంతుతో అడిగాడు. "చిన్నప్పుడు నువ్వు ఏడిస్తే మీ అమ్మ ఏం చేసేది?"

"దగ్గరకు తీసుకునేది."

"మరి మీ అమ్మకు ఆ బుద్ధి ఇచ్చిందెవరే?"

అంతే. కట్ట తెగింది. అందంగా ఏడవలేదు నేను. ముక్కు కారింది, వెక్కిళ్ళు వచ్చాయి, అమ్మా అమ్మా అని బడికెళ్ళనన్న పిల్లలా ఏడ్చాను. ఆ గోలకు పిచ్చుక లేచి తనూ అందుకుంది. ఆలోచించకుండానే తీసి రొమ్ముకు పెట్టుకున్నాను. మామయ్య గబుక్కున లేచి వసారాలోకి వెళ్ళిపోయాడు. ఏడుస్తూనే ఉన్నాను. అప్పుడు లోపల సూదులతో గుచ్చినట్టు చురుక్కుమంది. ఆ పోటు నేను మరిచేపోయాను. పాలు చేపుకొచ్చాయి. ఇటు పిచ్చుక గుటక వినిపిస్తుంటే అటువైపు రవికె తడిసిపోయింది.

"తాగుతోందే" అంది పెద్దమ్మ, నమ్మలేనట్టు. "చూడు, దవడ ఎలా ఆడుతోందో."

వారం తర్వాత ముల్లు కొంచెం కదిలింది. కొంచెమే. నర్సమ్మ ఉంచేసుకుంటానని అనలేదు. నా భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ వేలు పెట్టి చూస్తాను. కానీ చూశాక పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నాను.

మామయ్యకు సెలవు దొరికిన రోజు అందరం సమాధుల దగ్గరికి వెళ్ళాం. అమ్మ మట్టి ఇంకా కుంగలేదు, రాయి ఇంకా పెట్టలేదు. పెద్దమ్మ మాతో అక్కడిదాకా వచ్చి, ఆగి, రెండు వరసలు దాటి తన భర్త రాయి దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. కాసేపటికి అటు నుంచి సన్నగా ఏడుపు వినపడింది. నేను కదలబోతే మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ అమ్మా. ఎప్పటిదో అది."

మేం అక్కడే నిలబడ్డాం. పైకి ప్రార్థన చేయడం నాకు చేతకాదు, అది ఎప్పుడూ అమ్మ పనే. అయినా ఆ రోజు కళ్ళు మూసుకోకుండానే, మట్టిని చూస్తూ, గొంతు విప్పాను. "ప్రభువా, మా అమ్మను లేపేవాడివి నువ్వే. ఆ రోజు దాకా ఆమెను జాగ్రత్తగా చూసుకో. మమ్మల్నీ చూసుకో."

"ఆమెన్" అన్నాడు మామయ్య, సమాధులన్నీ వినేంత గట్టిగా.