పాత కెర్నల్

ఆ రోజు పొద్దున్న మా మరిదిని నేను తిట్టిన తిట్లు మళ్ళీ రాయడానికి లేదు. నాకు నోరు జాస్తి అని మావాళ్ళందరికీ తెలుసు, వాడికి మరీ బాగా తెలుసు. అయినా ఆ రోజు వాడు కూడా బిత్తరపోయాడు.

జరిగిందేమిటంటే, నేను మా ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండ్లు సర్ది, ఎదురుగా ఉన్న కంప్యూటర్ ఆన్ చేశాను. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోయింది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను, మళ్ళీ అదే తంతు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, లోపల ఏదో పని జరుగుతూనే ఉంది, బయటికి మాత్రం ఏమీ కనబడదు.

ఇంకొకరింట్లో అయితే కంప్యూటర్ పాడైతే సినిమాలు చూడ్డం ఆగిపోతుంది, అంతే. మా ఇంట్లో అది ఆయన నోరు. మా ఆయన లిఫ్టు మెకానిక్. నరాల జబ్బు వచ్చి ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్ళు, ఆఖరికి మాట. మిగిలినవి కళ్ళు. తెర కింద ఒక చిన్న కెమెరా ఉంటుంది. తెర మీది అక్షరాల్లో ఒకదాన్ని ఆయన కాసేపు కదలకుండా చూస్తే అది నొక్కుకుంటుంది. అలా మాట కూడాక స్పీకరు దాన్ని పైకి చదువుతుంది. ఆ గొంతు ఆయనది కాదు, వార్తలు చదివేవాడి గొంతులా ఉంటుంది. మొదట్లో వింటుంటే ఏడుపొచ్చేది. తర్వాత దానికే అలవాటు పడ్డాను.

అది పోవడానికి వేరే రోజే దొరకలేదు. మర్నాడు డాక్టరమ్మ ఇంటికి రావాలి. ఆయనకి ఊపిరి తీసుకోవడం రోజురోజుకీ కష్టమవుతోంది. గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెడితే యంత్రం సాయంతో ఇంకా కొన్నేళ్ళు ఉంటారు, లేకపోతే ఎక్కువ కాలం లేదు. ఆపరేషన్ చేయించాలని నేనూ మరిదీ ఎప్పుడో అనుకున్నాం. ఆయనకి ఇష్టమేనని ఆస్పత్రిలో నేనే చెప్పేశాను కూడా. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఆ మాట ఆయన నోటితో వినాలి, నేనే వచ్చి వింటాను, అప్పుడే సంతకం అంది. అదొక లాంఛనం అనుకుని ఊరుకున్నాను.

మరిదిని మా ఇంట్లో తీగరాయుడు అంటాం. చేతిలో ఏదో ఒక వైరు లేకుండా వాణ్ణి ఎవరూ చూడలేదు. ఈ యంత్రాన్ని కూర్చింది వాడే. ఫోన్ చేయగానే పరిగెత్తుకొచ్చి, తన ల్యాప్‌టాప్‌కీ దీనికీ మధ్య ఒక కేబుల్ తగిలించి, ఏవేవో అక్షరాలు కొట్టి, మొహం మాడ్చుకున్నాడు.

"కెర్నల్ మారిపోయింది వదినా. ఎవరు అప్‌డేట్ చేశారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందురోజు సాయంత్రం కెమెరా స్టాండు బిగిస్తానని దాని ముందు కూర్చున్నది వాడే. నేను ముట్టుకునేది ఒక్కటే. అప్‌డేట్ చేయమంటారా అని అడుగుతూ అప్పుడప్పుడూ ఒక చిన్న పెట్టె తెర మీదికి వస్తుంది. వస్తే 'తర్వాత' అన్నదాని మీద నొక్కమని వాడే నేర్పాడు. వచ్చినప్పుడల్లా బుద్ధిగా 'తర్వాత' నొక్కుతూ వచ్చాను. ఇప్పుడు దొంగే పోలీసుని అడిగినట్టు నన్ను అడుగుతున్నాడు. నేను కాదు వదినా అంటాడు. మరి దయ్యం వచ్చి చేసిందా అన్నాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టి వాడి చిన్నప్పటి తప్పులదాకా ఏదీ వదల్లేదు. ఇదంతా ఆయన తల మీదుగానే సాగింది. నేను కుర్చీకి ఈ పక్క, వాడు ఆ పక్క.

నా గొంతు అరిగాక వాడు విషయం విడమరిచాడు. కెర్నల్ అంటే యంత్రం లోపల అన్నిటికీ పెత్తనం చేసేది. తెర మీద బొమ్మ రావాలంటే గ్రాఫిక్స్ కార్డు పనిచేయాలి. ఆ కార్డుకి పని చెప్పేది డ్రైవర్ అనే ప్రోగ్రాము.

"వంటింట్లో కొత్త పెత్తనం వచ్చి డబ్బాలన్నీ మార్చేసిందనుకో వదినా. పాత వంటమనిషికి ఉప్పెక్కడుందో తెలీదు. నిలబడిపోయాడు."

కొత్త కెర్నల్‌కి సరిపడే డ్రైవర్ ఇవ్వాల్సింది కార్డు కంపెనీవాళ్ళు. ఇది పాత కార్డు, ఇక మా వల్ల కాదని వాళ్ళు చేతులు దులుపుకున్నారు. కార్డు మార్చేద్దామంటే అది మదర్‌బోర్డుకే అతికి ఉంది. మామూలుగా పాత కెర్నల్ కూడా ఒక పక్కన పడి ఉంటుందట, ఆన్ చేసేటప్పుడు దాన్ని ఎంచుకోవచ్చట. మాకు ఆ రాత కూడా లేదు. డిస్కులో చోటు చాలక అప్‌డేట్ దాన్ని తుడిచిపెట్టేసింది.

డ్రైవర్‌నే కొత్త కెర్నల్‌కి తగ్గట్టు సరిచేద్దామని వాడు కూర్చున్నాడు. ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇంటర్నెట్‌లో పెట్టిన మార్పు తెచ్చి కలిపాడు. అది దీనికి ముందు వచ్చిన కెర్నల్‌కి చేసింది, దీనికి పనికిరాలేదు. ఒక తప్పు దిద్దితే దాని వెనక ఇంకో నాలుగు బయటపడుతున్నాయి. ల్యాప్‌టాప్‌లో ఎర్ర అక్షరాలు వరసగా పైకి పోతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం అక్షరాల అట్ట తీశాను. కంప్యూటర్ రాకముందు మాకు అదే గతి. క వరసా, చ వరసా, ట వరసా అని నేను అడగాలి. కావలసిన వరస రాగానే ఆయన కళ్ళు పైకెత్తాలి. వరస అయ్యాక అక్షరం, అక్షరం అయ్యాక దాని గుణింతం. ఒక్క మాట కూడేసరికి ఇద్దరికీ ప్రాణం విసిగిపోతుంది. త వరస దగ్గర కళ్ళెత్తారు. న దగ్గర ఎత్తారు. గుణింతం చదువుకుంటూ పోయి 'నే' పట్టుకున్నాను. మళ్ళీ మొదటికి వచ్చి 'ను' పట్టుకున్నాను.

"నేను" అని చదివి, "మీరేం చేస్తారు పాపం, మీరు బాధపడకండి" అన్నాను. అట్ట మడిచి పక్కన పెట్టి మరిదికి కాఫీ కలపడానికి లేచాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. అలిసిపోయారనుకున్నాను.

నిజం చెప్పాలంటే నాకే ఊపిరాడటం లేదు. మంచానికీ గోడకీ మధ్య ఆ కుర్చీ, కుర్చీ ముందు బల్ల, బల్ల మీద ఆ నల్లటి తెర. దాంట్లో ఆయన మొహం మసగ్గా కనబడుతోంది. పొద్దుటినుంచీ ఆయన చూస్తున్నది దాన్నే. కుర్చీని కిటికీ వైపు తిప్పాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. రేపు డాక్టరమ్మ వచ్చి, ఆయన చెప్పలేకపోతే ఇంకో వారానికి వాయిదా వేస్తుంది. ఆ వారం ఊపిరి నిలుస్తుందో లేదో. ఈ భయం నాకొక్కదానికే ఉన్నట్టు మరిది మీద విరుచుకుపడుతూనే ఉన్నాను.

వాడు మాత్రం కాఫీ తాగుతూ వేరే మాట ఎత్తాడు. కొన్నాళ్ళు అన్నయ్య దగ్గర లిఫ్టుల పని నేర్చుకున్నాడు లెండి. లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని కబురొస్తే వీడు సామాన్ల సంచీ పట్టుకుని నేరుగా మోటారు గదికి పరిగెత్తేవాడట. అన్నయ్య కాలరు పట్టుకుని ఆపేవాడట. ముందు తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్ళతో మాట్లాడాలి, ఎలా ఉన్నారు, ఏం కావాలి అని అడగాలి, ఆ తర్వాతే యంత్రం ముట్టుకోవాలి. అది ఆయన పద్ధతి.

"మోటారు ఎక్కడికీ పోదురా, లోపలున్నవాడికి మనం ఉన్నామని తెలియాలి అనేవాడు" అని చెప్పి వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. కప్పులు తీసుకుని నేను వంటింట్లోకి వెళ్ళాను, వాడు ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నకి డ్రైవర్ మీద ఆశ వదులుకున్నాడు. పాత కెర్నల్‌నే వెతికి పట్టుకుని మళ్ళీ ఎక్కించాడు. ఆన్ చేశాడు. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. తెర నల్లబడింది, నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలో అక్షరాలన్నీ బిలబిలా వచ్చేశాయి. సంతోషం పట్టలేక మరిది వీపు మీద ఒక్కటి చరిచాను.

"ఇక దిగుల్లేదు వదినా. అప్‌డేట్లకి తాళం వేసేశాను. బతికున్నన్నాళ్ళు దీనికి పాత కెర్నలే. ఇక ఆ పెట్టె రాదు, చేయమంటారా అని ఎవర్నీ అడగదు."

మంచి పని చేశావు, ముందే ఆ పని చేసి ఏడవలేకపోయావా అన్నాను. అప్పుడు కదిలింది తెర మీద, ఆయన చూపు వెంట నడిచే బాణం గుర్తు. అక్షరం తర్వాత అక్షరం వెతుక్కుంటూ నెమ్మదిగా పోయింది. ఈసారి నేను మధ్యలో అందుకోలేదు.

"నేనే నొక్కాను. వాణ్ణి తిట్టకు" అంది వార్తల గొంతు.

నిన్న నేను మడిచి పెట్టేసిన మాట అదన్నమాట. మంచం మీద కూలబడ్డాను. కోపం వచ్చింది, ఆయన మీద రాకూడదనుకుంటూనే వచ్చింది.

"ఎందుకు నొక్కారు? తెలిసి తెలిసి ఎందుకు నొక్కారు?"

బాణం మళ్ళీ బయల్దేరింది. మరిది చేతిలో వైరు చుట్టడం ఆపేశాడు.

"అది నన్ను అడిగింది."

పొద్దున్నే ఏ చొక్కా వేయాలి, కిటికీ తెరవాలా, అన్నం ఎప్పుడు, ఆస్పత్రికి ఏ సమాధానం, అన్నీ నేనే అనుకుని నేనే చేసేస్తూ వచ్చాను. ప్రేమగానే చేశాను, కాదనను. కాని ఇంట్లో ఆయన్ని కావాలా వద్దా అని అడిగింది ఆ చిన్న పెట్టె ఒక్కటే. దానికీ ఇప్పుడు తాళం వేసేశాం.

తలుపు గంట మోగింది. డాక్టరమ్మని ముందు గదిలో కూర్చోబెట్టమని మరిదికి సైగ చేశాను. కుర్చీని బల్ల దగ్గర్నుంచి కొంచెం తిప్పి, ఎదురుగా స్టూలు వేసుకుని, ఆయన కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఆపరేషన్ చేయించుకుంటారా? మీకు కావాలా, వద్దా?"

ఆయన తెర వైపు చూపు తిప్పలేదు. చాలాసేపు నన్నే చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగితే కెమెరాకి ఆయన చూపు అందదు, అందుకని కొంగుతో మెల్లగా అద్ది, కుర్చీని మళ్ళీ తెర వైపు తిప్పాను. తర్వాత బాణం కదిలింది.

"మళ్ళీ అడుగు."

మళ్ళీ అడిగాను.