నలభై డిగ్రీలకు ముందు

సర్వర్ గది ఏసీ మధ్యాహ్నం ఆగిపోయింది. మెకానిక్ జీడిమెట్ల నుంచి బయల్దేరాడు, అంటే ఎప్పటికి వస్తాడో తెలియదు. గది వేడి నలభై డిగ్రీలు దాటితే సర్వర్లు వాటంతటవే ఆగిపోతాయి. అవి ఆగితే రేపటి నుంచి ఆఫీసుకు రానక్కర్లేదని మేనేజర్ సోమేశ్వరరావు కిరణ్మయికి మర్యాదగానే చెప్పాడు. ఆ అంతస్తులో కరెంటు, ఏసీలు చూసుకునేది ఆమే.

ఆ తర్వాత ఆయన చక్రాల మీద తోసే ఏసీలు మూడు కిరాయికి తెప్పించి, సర్వర్ గది తలుపు మూయించి, పక్కనున్న మీటింగ్ హాలులోకి వెళ్లాడు. అక్కడ క్లయింట్లు కూర్చుని ఉన్నారు.

ఏసీలు తెచ్చిన చంద్రయ్యది బోరబండ. ఒక్కో ఏసీ వెనక లావుపాటి గొట్టం మడతపెట్టి ఉంది. దాన్ని కిటికీలోంచి బయటికి పెట్టాలేమోనని కిరణ్మయి అడిగింది. ఆ బిల్డింగులో తెరుచుకునే కిటికీ లేదు. అంతా అద్దమే.

"గొట్టంతోని ఏం పని మేడం? ముంగట నిలబడుండ్రి. చల్లగ లేదా?"

చల్లగానే ఉంది. గోడ మీది ఉష్ణోగ్రత మీటరులో అంకె మాత్రం ముప్ఫై ఆరుకు ఎక్కింది. సర్వర్లు చూసే శ్యామ్ వచ్చి మూడు ఏసీలనూ పదహారులో పెట్టాడు. అంకె ముప్ఫై ఏడయింది. అక్కడున్న ముగ్గురిలో ఇద్దరు ఇంజినీరింగ్‌లో థర్మోడైనమిక్స్ పాసైనవాళ్లు.

కిరణ్మయి ఒక ఏసీ వెనక్కి వెళ్లి నిలబడింది. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డట్టుంది. ముందు నుంచి తీసుకున్న వేడిని ఆ యంత్రం వెనక పారేస్తోంది. పారేసేది ఇదే గదిలో. అది తాగే కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది. లోపలికి వచ్చినదాంట్లోంచి బయటికి పోయినది తీసేస్తే, మిగిలింది గదిలో పేరుకుంటుంది. ఇక్కడ బయటికి పోయేది దాదాపు ఏమీ లేదు.

"శ్యామ్, ఇవి మనకు మూడు హీటర్లు."

"చల్లగాలి వస్తోంది కదక్కా."

"వెనక్కి వచ్చి చూడు."

వెళ్లి చూశాడు. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాడు.

ఏసీలు ఆపితే గది నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతే. వేడి బయటికి పోవాలి. ఆ గదికి బయట అంటే ఒక్కటే చోటు: బిల్డింగ్ ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తున్న మీటింగ్ హాలు. మధ్యలో ఒక తలుపు.

కిరణ్మయి ఆ తలుపు తీసి మూడు గొట్టాలనూ హాలులోకి తోసింది. సందులు అట్టముక్కలతో మూయించింది. మొదటి గొట్టం గాలి సోమేశ్వరరావు వీపుకు తగిలింది.

"ఏంటండీ ఇది?"

"వేడి సార్. ఎక్కడికో ఒకచోటికి పోవాలి."

"ఇక్కడ క్లయింట్లున్నారండీ."

"అక్కడ సర్వర్లున్నాయి సార్."

అంకె ముప్ఫై తొమ్మిది దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత ముప్ఫై ఎనిమిది. తర్వాత ముప్ఫై ఆరు. క్లయింట్లు కోట్లు విప్పారు.

సాయంత్రం సోమేశ్వరరావు ఆమెను హాలులోకి పిలిచి సర్వర్లు నడుస్తున్నాయా అని అడిగాడు. నడుస్తున్నాయంది. రేపు మామూలుగానే రమ్మన్నాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"హాలు ఉడికిపోతోందండీ. ఆ చంద్రయ్యకు చెప్పి, ఇందులోకి ఇంకో రెండు తెప్పించండి."