భూపేష్ సార్ రాసిన మాట

భూపేష్ ఆ క్లాసుల్లో ఒక్కటి కూడా వినలేదు. అన్నీ విన్నది శివలీల. అలసందలు ఒలుస్తూ విన్నది, అత్త మోకాళ్లకు నూనె రాస్తూ విన్నది, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ విన్నది. క్లాసు చివర అడిగే ప్రశ్నలకు తడిచేయి చీరకు తుడుచుకుని జవాబులు నొక్కింది. సర్టిఫికెట్లు మాత్రం డాక్టర్ భూపేష్ పేరుతో వచ్చాయి. ఆయన వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఫైలుకు గుచ్చుకుంటుంటే పక్కన నిలబడి కాఫీ అందించింది కూడా ఆమే.

కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన ఎకనామిక్స్ లెక్చరర్. లెక్చరర్లకు పాఠం చెప్పడం నేర్పించే ఈ శిక్షణలు కరోనా నాటి నుంచి కంప్యూటర్లోకి వచ్చిపడ్డాయి. కెమెరా ఆపేస్తే అవతల ఎవరున్నారో దేవుడికి కూడా తెలియదు. మిగతావాళ్లు లాప్‌టాప్ తెరిచిపెట్టి కునుకు తీశారు. భూపేష్‌కు ఆ మాత్రం ధైర్యం లేదు. భార్యను కూర్చోబెట్టాడు.

"నువ్వూ ఎమ్మే ఎకనామిక్సే కదా. ఊరికే ఉండేదానికి విను, బుర్రకు పదునుంటాది," అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు.

తను ఊరికే ఉన్నది ఎప్పుడో శివలీలకు గుర్తు రాలేదు. యూనివర్సిటీలో ఆయనకన్నా మార్కులు ఎక్కువ వచ్చిన మనిషి ఆమె. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ఎత్తరు. పెళ్లయిన కొత్తలో ఉద్యోగం మాట తెస్తే "ఇంటికొక లెక్చరర్ చాల్లే" అన్నాడు. చాల్లే అన్నవాడికి ఇప్పుడు ఆ ఒక్క లెక్చరర్ పని కూడా ఆమే చేసిపెట్టాలి. అత్త నాగలక్ష్మమ్మకు ఇదంతా తెలియదు. "మొగుడు కష్టపడి వస్తాంటే నువ్వు ఆ పెట్టె ముందర కుచ్చోని సినిమా చూస్తాండావా మ్మే? ఎసట్లో బియ్యం ఎవురు పోస్తారు?" అని వీధి గుమ్మంలో కూర్చుని అందరికీ వినపడేలా అనేది. నిజం చెప్తే కొడుకు పరువు పోతుంది. చెప్పకపోతే కోడలు సోమరిది. సోమరిది అనిపించుకోవడమే క్షేమమని శివలీల ఊరుకుంది.

శిక్షణ అయ్యాక కడప నుంచి తనూజ మేడం అనే ప్రొఫెసర్, ఆ లెక్చరర్లనే కూడగట్టి శనివారం సాయంత్రాలు ఒక చదువుల గుంపు పెట్టింది. వారానికి ఒక అధ్యాయం చదవాలి, కంప్యూటర్లోనే కలిసి దాని గురించి మాట్లాడాలి. భూపేష్ సార్‌కు మైకు పాడైందని మొదటి వారమే చెప్పేశారు కాబట్టి, ఆయన తరఫున శివలీల టైపు చేసేది. మొదట్లో ఆయన ఎట్లా రాస్తాడో అట్లాగే, పెద్ద పెద్ద మాటలు వేసి రాసింది. తర్వాత్తర్వాత ఆ సంగతి మరిచిపోయింది. వారమంతా ఎవరూ అడగని అభిప్రాయాలు శనివారం ఆ చిన్న గడిలోకి వచ్చేవి. పెద్ద మనుషులు వాటికి జవాబులు రాసేవారు. "భూపేష్ సార్ అన్నట్టు" అని మొదలుపెట్టేవారు. ఆ పేరు కనపడినప్పుడల్లా ఆమెకు సంతోషమూ వేసేది, వెంటనే భయమూ వేసేది.

ఒక వారం తరగతిలో నోరు విప్పని పిల్లల గురించి చదివారు. శివలీల రాసింది: "నోరు విప్పని అమ్మాయికి జవాబు తెలియదని అనుకోకండి. జవాబు చెప్పిన రోజు ఇంటికి పోయాక ఏమవుతుందో ఆమెకు తెలిసి ఉండవచ్చు." రాసి పంపేశాక ఇంట్లో సంగతి వీధిలో పెట్టినట్టు అనిపించింది. రెండు రోజులకు భూపేష్ నవ్వుతూ ఇంటికొచ్చాడు. "ఏందే రాసినావు? ప్రిన్సిపాల్ గూడా శానా మెచ్చుకున్యాడు," అన్నాడు. ఏం రాసిందో మాత్రం చదవలేదు.

అంతా బాగానే సాగేది, కడపలో రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టకపోతే. అందరూ స్వయంగా రావాలి, ఒక్కొక్కరూ పది నిమిషాలు మాట్లాడాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. ఆ సర్టిఫికెట్టు లేకపోతే భూపేష్ ప్రమోషన్ ఫైలు కదలదు. అబద్ధం బయటపడితే ఉద్యోగానికే మోసం. భూపేష్ ఒక ఏర్పాటు ఆలోచించాడు. పది నిమిషాల మాట ఆమె రాసిస్తుంది, ఆయన బట్టీపడతాడు. ప్రశ్నలు వచ్చినప్పుడు శివలీల చివరి వరసలో కూర్చుని ఫోన్లో జవాబు పంపుతుంది, ఆయన కాగితం చూసుకున్నట్టు ఫోన్ చూసి చెప్తాడు. పరీక్ష హాల్లో పిల్లల చొక్కాల్లోంచి చీటీలు లాగే మనిషికి వచ్చిన ఆలోచన ఇది.

భూపేష్ ఎన్నడూ చేయి ఎత్తలేదు. ఆయనకు కారు ఉంది. కోపం వస్తే ఒక్క మాట మాట్లాడడు, కారు వేగం పెంచుతాడు. ఆపమన్నా ఆపడు, ఏడ్చినా ఆపడు. దిగాక "ఏమైంది ఇప్పుడు? నేనేమన్నా అంటినా నిన్ను?" అంటాడు. ఏమీ అనలేదు, నిజమే. అందుకే పుట్టింట్లో చెప్పుకోవడానికి కూడా మాట దొరకదు. వర్క్‌షాప్ రోజు పొద్దున కర్నూలు నుంచి కడప దారంతా ఆయన చేత అప్పజెప్పించుకుంటూ వచ్చింది. మైదుకూరు దాటాక ఒకచోట ఆమే ఒక వాక్యం తప్పు చెప్పింది. ఆయన పెదవులు బిగించాడు. ముందు నాపరాళ్ల లారీ, ఎదురుగా బస్సు. ఆ రెంటి మధ్యలోంచి కారు దూరి బయటపడేసరికి శివలీల చీర కుచ్చెళ్లు పిడికిట్లో నలిగిపోయి ఉన్నాయి. "పోయేటప్పుడు సూస్తాం," అన్నాడు భూపేష్, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

హాలు ముందర రాయచోటి నుంచి వచ్చిన సుంకప్ప సార్ భుజం మీద చెయ్యేశాడు. "ఏమప్పా భూపేషూ, కంప్యూటర్లో అంతంత పొడుగు రాస్తాంటివి. ఈడికొచ్చి నోటికి తాళమేసినావే? తాళంచెవి ఇంట్లోనే మర్సిపోయినావా?" అందరూ నవ్వారు. భూపేష్ కూడా నవ్వి శివలీల వైపు చూశాడు. ఆ చూపుకు ఆమె ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది.

పది నిమిషాలూ తడబడకుండా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అప్పుడు తనూజ మేడం మైకు తీసుకుంది.

"సార్, నోరు విప్పని అమ్మాయి గురించి మీరు రాసిన మాట నేను పోయిన ప్రతిచోటా చెప్తున్నాను. అది పుస్తకంలో దొరికే మాట కాదు. ఎవరిని చూసి రాశారు?"

భూపేష్ తల వంచి ఫోన్ చూశాడు. చివరి వరసలో శివలీల వేళ్లు గబగబా కదిలాయి. పల్లె నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, ఫస్టియర్, ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునేది. అబద్ధం చక్కగా కుదిరింది. పంపే బాణం గుర్తు మీద వేలు పెట్టబోయి ఆగింది. పని ఆయన పేరు మీద పోయింది. చదువు పోయింది, మాట పోయింది. ఇది నొక్కితే తన భయం కూడా ఆయన పేరు మీదికే పోతుంది. ఆ భయమైనా తనది కాకపోతే ఇంక తను అనేదానికి ఏముంది?

నొక్కలేదు. ఫోన్ బోర్లించి ఒళ్లో పెట్టుకుంది. తిరిగి పోయేటప్పుడు ఆ కారు ఎక్కకూడదు, బస్సుకు పోవాలి అనుకుంది.

భూపేష్ ఫోన్‌ను రెండుసార్లు తట్టాడు. మైకు ముందర ఉన్న సంగతి మరిచిపోయి, చివరి వరసలో భార్య వైపు చూసి, "రాలేదే, మళ్లా పంపు," అన్నాడు.

ఆ మాట హాలంతా వినపడింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. సుంకప్ప సార్ ఈసారి నవ్వలేదు. తనూజ మేడం శివలీల వైపు చూసి, "మీరు ఏ కాలేజీలో చెప్తారమ్మా?" అని అడిగింది.

శివలీల ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచింది.

"ఏ కాలేజీలోనూ లేను మేడం. ఆ మాట నేను రాసింది. అన్ని శనివారాలూ రాసింది నేనే. ఎవర్నీ చూసి రాయలేదు."

భూపేష్ మైకు మీద అరచెయ్యి మూసి, పళ్ల మధ్య నుంచి అన్నాడు. "కుచ్చోయే. నా ఉద్యోగం పోతాది."

"నీ ఉద్యోగం కొనేదానికి మా నాయన నాకిచ్చిన చేను అమ్ముడుపోయినప్పుడు నువ్వు కుచ్చోనే ఉంటివి కదప్పా," అంది శివలీల. "కోడుమూరు కాడ, రెండెకరాల నలభై సెంట్లు."